పంటి చిగురు ఒకటి రెండు మిల్లీమీటర్లే జారింది: చార్టులో ఏం రాస్తారు, బిల్లులో ఏం వేస్తారు?

హన్మకొండ_క్లినిక్
అందరికీ నమస్తే. నేను బీడీఎస్, సుబేదారి వైపు చిన్న క్లినిక్, ఒకటే చెయిర్. ఒక కేసు గురించి అడగాలి. కేసు పెద్దదేం కాదు, చిన్నది కాబట్టే ఏం రాయాలో తెలియట్లేదు. నలభై దాటిన ప్రభుత్వ టీచర్ గారు, చల్లనీళ్ళు తాగితే ఎడమవైపు పై పళ్ళు జివ్వుమంటున్నాయని వచ్చారు. చూస్తే 23 (ఎడమ పై కోరపన్ను) మీద బయటివైపు రెండు మిల్లీమీటర్లు, దాని పక్క 24 మీద ఒకటి, చిగురు పైకి పోయి వేరు పసుపుగా కనిపిస్తోంది. పాకెట్, అంటే పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు, ఎక్కడా రెండు దాటలేదు, ప్రోబ్ (గీతలున్న కొలత పుల్ల) పెడితే రక్తం రాలేదు, పళ్ళ మధ్య చిగురు నిండుగా ఉంది. కింది ముందు పళ్ళ లోపలివైపు కొంచెం గార, అది అందరికీ ఉండేదే.

మా సాఫ్ట్‌వేర్‌లో రిసెషన్ (చిగురు జారడం), పాకెట్ అంకెలు కొడితే అదే రెండూ కూడి 23 దగ్గర 4 అని ఎర్ర రంగులో చూపించి పక్కన పెరియోడాంటైటిస్ (పన్నును పట్టి ఉంచే చిగురు, ఎముక పోయే జబ్బు) అని సలహా ఇస్తోంది. తెలిసిన సీనియర్ ఒకరిని అడిగితే "నాలుగు వచ్చింది కదా, డీప్ క్లీనింగ్ రాసెయ్" అన్నారు, అంటే చిగురు కింద వేరు దాకా గీకి శుభ్రం చేయడం. నాకు మనసొప్పడం లేదు. డయాగ్నసిస్ గడిలో ఏం రాయాలి? బిల్లులో "రిసెషన్ ట్రీట్‌మెంట్" అని ఒక లైను వేయొచ్చా? కొలిచి, ఫొటోలు తీసి, బ్రష్ ఎలా పట్టాలో చూపించేసరికి మస్తు టైం పట్టింది, దానికి డబ్బులు ఏ పేరు మీద తీసుకోవాలి? టీచర్ గారు ఇంకోటి కూడా అడిగారు, అది తర్వాత చెప్తా.

కరీంనగర్_పెరియో
తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ చేసిన కూడిక కరెక్టే, ఇచ్చిన సలహానే తప్పు. ఎనామిల్, వేరు కలిసే గీత ఉంది కదా, మనం సీఈజే అంటాం, అక్కడి నుంచి పాకెట్ అడుగు దాకా ఉన్న దూరమే అటాచ్‌మెంట్ లాస్, అంటే వేరు మీద చిగురు పట్టు ఎంత వదిలిందో. చిగురు ఆ గీత దాటి పోయిందంటే రెండూ కూడాలి, గీత మీద కప్పి ఉంటే పాకెట్‌లోంచి తీసేయాలి. నీ కేసులో 2, 2 కలిపి 4, నిజమే. కానీ ఆ 4 ఎందుకు వచ్చిందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు కదా.

2017లో చిగుళ్ళ నిపుణుల వరల్డ్ వర్క్‌షాప్‌లో కుదిరి 2018లో అచ్చయిన వర్గీకరణ తీసి చూడు. పెరియోడాంటైటిస్ అనాలంటే పక్కపక్కన లేని రెండు పళ్ళలోనైనా పళ్ళ మధ్యలో అటాచ్‌మెంట్ లాస్ తగలాలి. లేదంటే బయటివైపో లోపలివైపో లాస్ 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, దాంతో పాటు పాకెట్ కూడా 3 దాటి, అలాంటివి కనీసం రెండు పళ్ళు ఉండాలి. నీ దగ్గర పాకెట్ 2. పైగా బ్రష్ దెబ్బకు జారిన చిగురును ఆ లెక్కలో కలపకూడదని కూడా అందులోనే రాసి ఉంది. అంటే రెండు దారులూ మూసుకున్నట్టే. ఇది పెరియోడాంటైటిస్ కాదు, డీప్ క్లీనింగ్ అవసరం లేదు. రెండు మిల్లీమీటర్ల పాకెట్‌లో క్యూరెట్ (గీకే పనిముట్టు) పెట్టి గీకితే ఉన్న అటాచ్‌మెంట్ కూడా కొంత పోతుంది.

ఇక రిసెషన్ వర్గం. కాలేజీలో మనకు 1985 నాటి మిల్లర్ వర్గీకరణ నేర్పారు, ఒకటి నుంచి నాలుగు తరగతులు. ఇప్పుడు కైరో 2011లో ఇచ్చింది వాడుతున్నారు, వర్క్‌షాప్ కూడా దాన్నే తీసుకుంది. పళ్ళ మధ్య లాస్ ఏమీ లేకపోతే ఆర్‌టీ1 (రిసెషన్ టైప్ 1). మధ్యలో లాస్ ఉన్నా బయటివైపు లాస్‌కు సమానంగా లేదా తక్కువగా ఉంటే ఆర్‌టీ2. మధ్యలోనే ఎక్కువ పోతే ఆర్‌టీ3. నీది ఆర్‌టీ1. ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా కంగారు పడకు, బయటివైపు ఎముక తగ్గితే మామూలు ఎక్స్‌రేలో పంటి నీడ వెనక కలిసిపోతుంది. మధ్య ఎముక బాగుందని చెప్పడానికే ఎక్స్‌రే, రిసెషన్‌కు సాక్ష్యం ఫొటోనే.

కాజీపేట_జంక్షన్
ముందు అందరూ ప్రోబ్ డబ్బాలోంచి బయటికి తీయండి 😄 సగం క్లినిక్‌లలో మౌత్ మిర్రర్, ఎక్స్‌ప్లోరర్ తప్ప ట్రేలో ఇంకేం ఉండదు. మిల్లీమీటరుకో గీత ఉన్న యూఎన్‌సీ 15 ఒకటి కొనుక్కోండి. విలియమ్స్ ప్రోబ్‌లో 4, 6 గీతలు ఉండవు, అందాజాగా చదువుతాం. ఒకటి రెండు మిల్లీమీటర్ల కేసులో అందాజా పనికిరాదు.

మంచిర్యాల_డాక్టర్
కొలత గురించి కరీంనగర్ మేడం చెప్పారు. నేను గొడవ గురించి చెప్తా, ఎందుకంటే మన వైపు చిన్న రిసెషన్ కేసుల్లో తలనొప్పి అంతా క్లీనింగ్ అయ్యాకే మొదలవుతుంది. "నువ్వు క్లీనింగ్ చేసినంకనే పళ్ళ మధ్య సందులు వచ్చినయ్, చిగుళ్ళు పోయినయ్" అని పదిరోజులకు కొడుకునో అల్లుడినో వెంటబెట్టుకుని వస్తారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళ కంటికి నిజంగానే అలా కనిపిస్తుంది. గార పేరుకుని వేరును కప్పేసింది, చిగురు వాచి ఇంకొంచెం కప్పింది. గార తీసి, వాపు దిగాక వేరు బయటపడింది. చెరువు ఎండితే అడుగున బండ కనపడ్డట్టు, బండను మనం తెచ్చి పెట్టలేదు. మా దగ్గర పేషెంట్లకు ఇదే మాట చెప్తా, వెంటనే అర్థమవుతుంది.

కానీ చెప్పాల్సింది క్లీనింగ్‌కు ముందు. తర్వాత చెబితే సాకు అనుకుంటారు. అందుకే స్కేలర్ ముట్టుకోకముందే ఫొటో తీస్తా, ప్రోబ్ పంటికి ఆనించి, గీతలు కనపడేలా. చెంప లాగే రిట్రాక్టర్ పెట్టాలి, వేలితో లాగితే చిగురు కూడా లాగబడి ఫొటోలో ఎక్కువ జారినట్టు పడుతుంది. ఫోన్ కెమెరా చాలు, అయితే ప్రతిసారీ ఒకే కోణం, ఒకే లైటు. ఆ ఫొటోను పేషెంట్ ఫోన్‌కు కూడా పంపిస్తా. అదొక్కటి చేశాక కొడుకులు, అల్లుళ్ళు రావడం చాలా తగ్గింది.

గార దట్టంగా ఉండి సీఈజే కనపడకపోతే ఆ రోజు అంకె వేయకండి. "గార వల్ల గీత కనపడలేదు, క్లీనింగ్ తర్వాత కొలవాలి" అని రాయండి. ఖాళీగా వదిలేసిన గడి మాత్రం రేపు ఏ వకీలుకైనా "ఆ రోజు రిసెషన్ లేదు" అన్నట్టే కనిపిస్తుంది.

రాత్రి_షిఫ్ట్
నేను డాక్టర్‌ని కాదు. ఊరు మడికొండ, ఉద్యోగం హైదరాబాద్‌లో, అమెరికా డెంటల్ ఆఫీసుల క్లెయిమ్‌లు పంపే పని. ఇక్కడ చదువుతుంటే మా ఫ్లోర్‌లో రోజూ జరిగే వాదనే జరుగుతోంది, కాబట్టి దూరుతున్నా.

అక్కడ డీ4341 అని ఒక కోడ్ ఉంటుంది, ఒక క్వాడ్రంట్‌లో (నోటిలో పావు భాగం) నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ పళ్ళకు స్కేలింగ్, రూట్ ప్లేనింగ్, అంటే ఆ డీప్ క్లీనింగే. ఒకటి నుంచి మూడు పళ్ళయితే డీ4342. మామూలు పెద్దల క్లీనింగ్ డీ1110. మొదటి రెండింటికి డబ్బులు ఎక్కువ, కాబట్టి అందరి చేయీ అటే పోతుంది. ఇన్సూరెన్స్ వాళ్ళు పంటికి ఆరు చోట్ల కొలిచిన చార్టు, ఎక్స్‌రేలు అడుగుతారు. పాకెట్లు 4, 5 ఉండాలి, ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు కనపడాలి. రిసెషన్ కలిపితేనే 4 వచ్చే కేసు పంపితే సాధారణంగా తిరిగి వస్తుంది, లేదా డీ1110గా తగ్గించి కడతారు. అందుకే ఆ సీనియర్ గారి సలహా అక్కడైనా నిలబడదు.

ఇంకో మాట, అక్కడి ఆఫీసులతో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే జాగ్రత్త. మన 23, 24 అంటే ఎడమ పై కోరపన్ను, దాని పక్కది. అమెరికా నంబర్లలో 23, 24 అంటే కింది ముందు పళ్ళు. మన 23 వాళ్ళకు 11, మన 24 వాళ్ళకు 12. మన దగ్గర చదివి అక్కడికెళ్ళిన ఒక డాక్టర్ గారి నోట్సులో పాత అలవాటు నంబరు పడి క్లెయిమ్ మొత్తం అడ్డం పడటం కళ్ళారా చూశా.

హన్మకొండ_క్లినిక్
అందరికీ థ్యాంక్స్. మేడం, 24 దగ్గర వేరు మీద చిన్న గాడి కూడా ఉంది, గీత అక్కడ కలిసిపోయి కనపడట్లేదు. అప్పుడు ఎక్కడి నుంచి కొలవాలి? @రాత్రి_షిఫ్ట్ అన్నా, మరి అక్కడ చిన్న రిసెషన్‌కు బిల్లే ఉండదా?

రాత్రి_షిఫ్ట్
జబ్బు పేరుకు ఒక కోడ్, చేసిన పనికి ఒక కోడ్, రెండూ వేరు. రిసెషన్ జబ్బు వైపు ఉంటుంది. చాలా దేశాలు వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ 10లో కే06.0 రిసెషన్. అమెరికా వాళ్ళు దాన్ని ఇంకా విడగొట్టారు, ఒకటి రెండు చోట్లే ఉండి స్వల్పంగా ఉంటే కే06.011, నోరంతా స్వల్పంగా ఉంటే కే06.021. స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది డాక్టరే రాయాలి. మా బోటి వాళ్ళం నోట్సు చూసి ఊహించి వేయకూడదు. "కొంచెం రిసెషన్ ఉంది" అని రాస్తే ఎక్కడ, ఎంత అని మళ్ళీ మెయిల్ పెట్టాల్సిందే.

డబ్బులు వచ్చేది మాత్రం చేసిన పనికి. జివ్వుమనకుండా మందు పూస్తే డీ9910, అది విజిట్‌కు ఒకసారి. మెడ దగ్గర రెజిన్ లాంటిది పూస్తే డీ9911, అది పంటికి ఇంత అని. గాడికి ఫిల్లింగ్ చేస్తే ఫిల్లింగ్ కోడ్. రిస్క్ ఉన్న మనిషికి చిగుళ్ళ మీద పూర్తి పరీక్ష, పూర్తి చార్టింగ్ చేస్తే డీ0180. వీటిలో చాలావాటికి చాలా ప్లాన్లు కట్టవు, పేషెంటే కట్టుకోవాలి, ఆ సంగతి ముందే చెప్పి సంతకం తీసుకుంటారు. "రిసెషన్ చూశాను" అన్నదానికి విడిగా కోడ్ లేదు.

పాత_వరంగల్
అందరూ మంచిగనే చెప్తున్నారు గానీ నేల మీదికి రండి. మట్టెవాడలో ఏళ్ళుగా ప్రాక్టీస్ చేస్తున్నా. సాయంత్రం ఆరైతే బయట బెంచీ నిండిపోతుంది. పంటికి ఆరు చోట్ల కొలిచి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి రాయించి, ఫొటో తీసి, దాన్ని పేషెంట్‌కు పంపి... ఇదంతా ఎవరు చేస్తారు? ఒక మిల్లీమీటర్ రిసెషన్ ఊర్లో సగం మందికి ఉంటుంది. "బ్రష్ మెల్లగా తోముకో, ఈ పేస్ట్ వాడు" అని చెప్పి పంపిస్తే సరిపోయే దానికి ఇంత పురాణమా? మనకేమైనా ఇన్సూరెన్స్ కంపెనీ చార్టు అడుగుతుందా?

మంచిర్యాల_డాక్టర్
సార్, ఇన్సూరెన్స్ కంపెనీ అడగదు, కరెక్టే. మన దేశంలో చాలా హెల్త్ పాలసీల్లో దంతాల ఓపీ ఖర్చు రాదు, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప. మన చార్టు అడిగేది వినియోగదారుల కమిషన్. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు డాక్టర్ల సేవ కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని తేల్చింది, డబ్బు తీసుకుని వైద్యం చేస్తే మనమూ అందులోనే. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు ఉంది. రెండేళ్ళ కింద ఆ పంటి చిగురు ఎక్కడుందో మీకు గుర్తుంటుందా సార్? నాకైతే నిన్నటిదే గుర్తుండదు.

కరీంనగర్_పెరియో
@పాత_వరంగల్ సార్, మీరనేదాంట్లో నిజం ఉంది, ప్రతి పేషెంట్‌కు నూట యాభై పైన అంకెలు కొలవమని నేనూ అనను. నోరంతా స్క్రీనింగ్‌లాగా ఒకసారి ప్రోబ్ తిప్పండి, ఏమీ తగలకపోతే "పాకెట్లు 3 లోపే, రక్తం లేదు" అని ఒక్క లైను. రిసెషన్ ఉన్న పళ్ళకు మాత్రమే అంకెలు. రెండు పళ్ళకు రాయడానికి నిమిషం పట్టదు సార్. ఆ నిమిషం లేకపోతే ఆరునెలల తర్వాత చిగురు ఇంకా జారిందా, అలాగే ఉందా అన్నది చెప్పే మార్గమే లేదు. చిన్న రిసెషన్‌లో మనం చేసే అసలు వైద్యం అదే కదా, పెరుగుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండటం.

@హన్మకొండ_క్లినిక్, గీత కలిసిపోతే పక్క పంటి మీద గీత ఎంత ఎత్తులో ఉందో చూసి, అవతలివైపు అదే పన్ను, అంటే 14 చూసి, ఊహాగీత నుంచి కొలువు. "సీఈజే కనపడలేదు, అంచనా" అని పక్కన రాయి. 2017 పట్టికలోనే దీనికి గుర్తులు ఉన్నాయి, గీత కనపడితే ఏ, కనపడకపోతే బీ. వేరు మీద అర మిల్లీమీటరు కంటే లోతైన మెట్టు ఉంటే ప్లస్, లేకపోతే మైనస్. నీ 24 బీ ప్లస్ అవుతుందనుకుంటా. పన్ను ఆరబెట్టి చూడు, ప్రోబ్‌ను పంటి పొడవుకు సమాంతరంగా పెట్టు, వంచితే అర మిల్లీమీటర్ ఇటూ అటూ అవుతుంది, ఈ కేసుల్లో అరే ఎక్కువ.

నేనైతే ఇలా రాస్తా, కాపీ చేసుకో:

"ముఖ్య బాధ: ఎడమ పైన చల్లదనానికి జివ్వుమనడం, గాలి కొడితే 23లో 10కి 6, 24లో 10కి 5. 23 బయటివైపు మధ్యలో రిసెషన్ 2, పాకెట్ 2, సీఈజే ఏ మైనస్. 24 రిసెషన్ 1, అంచనా, పాకెట్ 2, బీ ప్లస్. రక్తం లేదు. పళ్ళ మధ్య అటాచ్‌మెంట్ లాస్ లేదు, ఆర్‌టీ1. గట్టి చిగురు వెడల్పు 23లో 4, 24లో 4. చిగురు పలుచన, పాకెట్‌లో పెట్టిన ప్రోబ్ చిగురులోంచి కనపడుతోంది. పుచ్చు, పగులు, ఎత్తుగా ఉన్న ఫిల్లింగ్ లేవు. గట్టి బ్రష్, అడ్డంగా తోమే అలవాటు. నిర్ధారణ: 23, 24లో స్వల్ప రిసెషన్, బ్రష్ రాపిడి వల్ల కావచ్చు, డెంటిన్ సెన్సిటివిటీ, పెరియోడాంటైటిస్ లేదు."

చివరి రెండు మాటలు మర్చిపోవద్దు. ఏది ఉందో రాసినట్టే ఏది లేదో కూడా రాయాలి. గట్టి చిగురు వెడల్పు ఎందుకంటే, అందులోంచి పాకెట్ తీసేస్తే వేరుకు అతుక్కున్న భాగం వస్తుంది, ఇక్కడ 2. లాంగ్, లో అనే ఇద్దరు 1972లో రాసిన లెక్క ప్రకారం గట్టి చిగురు 2, అందులో అతుక్కున్నది 1 ఉంటే చాలు. అది కూడా లేకపోయినా, పెదవి లాగితే అంచు కదులుతున్నా అప్పుడు నాలాంటి వాళ్ళ దగ్గరికి పంపు.

జగిత్యాల_బీడీఎస్
కారణం గడి గురించి ఒక మాట. "బ్రష్ రాపిడి" అని అందరికీ ఒకే ముద్ర కొట్టేస్తున్నాం. మా దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్ళు వస్తారు, కొందరు బ్రష్ ముట్టరు, ఎర్ర పళ్ళపొడి వేలితో, లేదంటే తంబాకు పొడితోనే తోముతారు. పళ్ళపొడి గరుకు వేరే, బ్రష్ దెబ్బ వేరే. మంచిర్యాల సార్‌కు తెలుసు, గని దిగే వాళ్ళకు లోపల బీడీ, సిగరెట్ నిషేధం కాబట్టి చాలామంది ఖైనీ పెడతారు. కింది పెదవి లోపల పెట్టిన చోటే చిగురు జారి ఉంటుంది. అక్కడ రిసెషన్ కొలిచి ఊరుకుంటే సరిపోదు, పక్కన తెల్ల మచ్చ ఉందా, గట్టిగా తగులుతోందా చూసి రాయాలి. ఆ మచ్చ ముందు రిసెషన్ లెక్కలోకే రాదు.

ఇంకోటి, కారణం రాసేటప్పుడు "కావచ్చు" అనే రాయండి. "పేషెంట్ నిర్లక్ష్యం" అని రాసిన కార్డులు చూశాను, అది చదివిన మనిషికి ఎలా ఉంటుంది? పలుచని చిగురు, వంకర పన్ను, క్లిప్పులు పెట్టినప్పుడు బయటికి నెట్టిన పన్ను, ఇవన్నీ ఆయన తప్పులా?

ఓరుగల్లు_పేషెంట్
డాక్టర్ల మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు ఈ మధ్య ఒక క్లినిక్‌లో "డీప్ క్లీనింగ్, నాలుగు భాగాలు" అని బిల్లు వేశారు. చిగుళ్ళు కొంచెం జారాయి అన్నారు, అంతే. కార్డు మీద అంకెలు ఏమీ లేవు. ఒక్క సిట్టింగ్‌లో అరగంటలో అయిపోయింది, మత్తు ఇంజెక్షన్ కూడా ఇవ్వలేదు. మోసపోయానా? మళ్ళీ వెళ్ళి అడగొచ్చా?

కరీంనగర్_పెరియో
నోరు చూడకుండా మోసం అని నేను అనలేను అండీ. అడగడం మాత్రం మీ హక్కు. "నాకు పాకెట్లు ఎక్కడెక్కడ ఎంత ఉన్నాయి, చార్టు కాపీ ఇవ్వండి, ఎక్స్‌రే ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. నిజంగా లోతైన పాకెట్లు ఉంటే అంకెలు ఉంటాయి. నాలుగు భాగాలు లోతుగా చేస్తే మామూలుగా మత్తు ఇచ్చి, ఒకటి కంటే ఎక్కువ సిట్టింగ్‌లలో చేస్తారు, మళ్ళీ కొన్ని వారాలకు పిలిచి తిరిగి కొలుస్తారు. మిమ్మల్ని పిలిచారా?

ఓరుగల్లు_పేషెంట్
లేదండీ. రేపు వెళ్ళి కాపీ అడుగుతా.

హన్మకొండ_క్లినిక్
ఇప్పుడు ఆ రెండో సంగతి. టీచర్ గారు బిల్లు తీసుకుంటూ "క్లీనింగ్ అని రాస్తే ఆఫీసులో డబ్బులు రావు సార్, రూట్ కెనాల్ అనో చిగుళ్ళ ఆపరేషన్ అనో రాసివ్వండి, మీకేం పోతుంది" అన్నారు. మంచి మనిషి, ఊరికే అడిగారు, మళ్ళీ మొహమాటం. ఏమని చెప్పాలి?

కాజీపేట_జంక్షన్
నాకు నెలకోసారైనా ఈ డిమాండ్ వస్తుంది 😂 తేదీ మార్చమంటారు, భార్యకు చేసింది భర్త పేరు మీద రాయమంటారు.

రాత్రి_షిఫ్ట్
"మీకేం పోతుంది" అంటే లైసెన్స్ పోతుంది అని చెప్పండి.

మంచిర్యాల_డాక్టర్
నవ్వులాట కాదు. చేయని పనికి బిల్లు రాస్తే ఆఫీసును మోసం చేయడంలో మనమూ భాగస్థులమే. పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 కింద ఉంది, డెంటల్ కౌన్సిల్ సంగతి వేరే. ఇంకో ప్రమాదం ఎవరూ ఆలోచించరు: 23కి రూట్ కెనాల్ అయినట్టు కాగితం ఉంటే, రేపు నిజంగా ఆ పన్ను నొప్పి వచ్చినప్పుడు ఇంకో డాక్టర్ ఆ కాగితం నమ్మి వేరే దారి పడతాడు. నేను ఇలా అంటా: "సార్, చేసింది చేసినట్టు ఎంత వివరంగా కావాలంటే అంత రాసిస్తా. మీ ఆఫీసులో ఏది వస్తుందో అడిగి రండి, నేను చేసిన వాటిలో అది ఉంటే విడి లైనుగా చూపిస్తా." టీచర్లకు ఈ మాట తొందరగా ఎక్కుతుంది, వాళ్ళూ రోజూ మార్కులు వేసేవాళ్ళే కదా.

పాత_వరంగల్
ఈ విషయంలో మాత్రం నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా. మా కాలంలో ఒక మిత్రుడు ఇలాంటి కాగితం ఇచ్చి ఎంక్వయిరీల చుట్టూ మస్తు తిరిగాడు. ఆ మొహమాటం ఖరీదు ఎక్కువ. సరే, మరి ఆ బాబు అసలు ప్రశ్న అలాగే ఉంది, బిల్లులో ఏం వేయాలి? నా పద్ధతి చెప్తా, తప్పుంటే దిద్దండి. కన్సల్టేషన్ ఒక లైను, అందులోనే పరీక్ష, ప్రోబింగ్, సలహా అన్నీ. ఎక్స్‌రే తీస్తే ఒక లైను. క్లీనింగ్ ఒక లైను. మందు పూస్తే ఒక లైను, పంటి నంబర్లతో. ఫిల్లింగ్ విడిగా. కొత్త పిల్లలు కన్సల్టేషన్ ఫ్రీ అని బోర్డు పెట్టి, ఆ డబ్బులు రాబట్టడానికి లేని డీప్ క్లీనింగ్ చేస్తున్నారు, నా బాధ అది.

జగిత్యాల_బీడీఎస్
సార్ ఇది బంగారం లాంటి మాట. పరీక్షకు డబ్బులు తీసుకోవడానికి సిగ్గుపడి గీకుడుకు తీసుకుంటున్నాం.

కరీంనగర్_పెరియో
అవును సార్, అదే. టైం పట్టిన పరీక్షకు టైం ఖరీదు కట్టండి, "విస్తృత చిగుళ్ళ పరీక్ష, చార్టు, ఫొటోలతో" అని పేరు పెట్టి మామూలు కన్సల్టేషన్ కంటే ఎక్కువ తీసుకోండి, కానీ ముందే చెప్పండి, చార్టు కాపీ చేతిలో పెట్టండి. కాగితం చేతికొస్తే ఎవరూ బేరమాడరు. "రిసెషన్ ట్రీట్‌మెంట్" అనే లైను మాత్రం వద్దు తమ్ముడూ. ఆ మాట చదివితే పోయిన చిగురు తిరిగి వస్తుందనుకుంటారు. ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తే వేరు కప్పబడదు, జివ్వుమనడం తగ్గుతుంది, అంతే. వార్నిష్ అంటే వార్నిష్ అనే రాయి.

గాడి సంగతి: పనిగట్టుకుని ప్రతి గాడికీ ఫిల్లింగ్ వద్దు. లోతు ఉండి, జివ్వుమనడం తగ్గకపోతే, పాచి పట్టుకుంటుంటే చేయి. ముందు మెత్తని బ్రష్, మాడిఫైడ్ బాస్ పద్ధతి (చిగురు అంచున బ్రష్ వాల్చి మెల్లగా తోమడం), పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉన్న పేస్ట్. ఆ పేస్ట్ రెండు నుంచి నాలుగు వారాలు వాడితే గానీ తేడా తెలియదు, ఆ సంగతి చెప్పకపోతే మూడో రోజు ఫోన్ చేసి "మీ పేస్ట్ పనిచేయట్లేదు" అంటారు. బ్రష్ చేయడం చూపించడమే కాదు, ఆయన చేత చేయించి చూడు. కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ కోరపన్ను దగ్గర చెయ్యి తిరిగేచోట బలం ఎక్కువ పడుతుంది, నీ కేసు అక్కడే ఉంది.

మంచిర్యాల_డాక్టర్
బిల్లు సంగతిలో ఒక చిన్న జోడింపు. చిగుళ్ళ చికిత్స వైద్య సేవే, జీఎస్టీ లేదు. అందానికి చేసేవి, అంటే చిగురు నలుపు తీయడం లాంటివి, అదే బిల్లులో కలపకండి, వాటి లెక్క వేరే. పేస్ట్, మౌత్‌వాష్ క్లినిక్‌లో అమ్మితే అది సరుకు అమ్మకం, ట్రీట్‌మెంట్ లైనులో దాచకండి. ఆడిటర్‌ను ఒకసారి అడిగితే మంచిది.

హన్మకొండ_క్లినిక్
టీచర్ గారు ఈరోజు మళ్ళీ వచ్చారు. మంచిర్యాల సార్ చెప్పినట్టే చెప్పా, నవ్వి "సరే, ఉన్నదే రాయండి" అన్నారు. కన్సల్టేషన్ చార్టుతో, ఒక ఎక్స్‌రే, క్లీనింగ్, 23, 24కి వార్నిష్, నాలుగు లైన్లు. 24 గాడికి ప్రస్తుతం ఫిల్లింగ్ వేయలేదు, ఆరునెలల తర్వాత చూద్దాం అని రాశా. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎర్ర సలహా సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చని తెలిసింది, ఆపేశా. క్లీనింగ్‌కు ముందు సంతకం తీసుకునే తెలుగు కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

మంచిర్యాల_డాక్టర్
మాది ఇదీ: "నా పళ్ళలో కొన్నిటి దగ్గర చిగురు ఇప్పటికే జారి వేరు బయటపడి ఉందని, కొన్నిచోట్ల గార కింద కనపడకుండా ఉండవచ్చని నాకు ఫొటోతో చూపించారు. గార తీశాక ఆ భాగం కనపడుతుందని, కొన్నాళ్ళు చల్లదనానికి జివ్వుమనవచ్చని తెలిపారు. జారిన చిగురు క్లీనింగ్‌తో తిరిగి రాదని అర్థమైంది." కింద తేదీ, సంతకం. చదువు రాని వాళ్ళకు చదివి వినిపించి, వినిపించిన వాళ్ళ సంతకం కూడా.

కరీంనగర్_పెరియో
బాగుంది సార్. "ఏయే పళ్ళు" అని ఖాళీ గడి ఒకటి కలపండి, అచ్చు కాగితం అందరికీ ఒకేలా ఉంటే చదవకుండా పెట్టించారంటారు.

కాజీపేట_జంక్షన్
మరి క్లిప్పులు పెట్టుకున్న ఇంటర్ అమ్మాయి, కింది ముందు పంటికి ఒకటిన్నర రిసెషన్, పెదవి లాగితే అంచు కదులుతోంది. ఇది ఎవరు చూడాలి, ఆర్థో (పళ్ళ వరస సరిచేసే) వాళ్ళా పెరియో (చిగుళ్ళ) వాళ్ళా?

కరీంనగర్_పెరియో
ఇద్దరూ, వైరు ఇంకా బిగించకముందే. ఫొటోలు తీసి కొత్త థ్రెడ్‌లో పెట్టండి, అమ్మాయి మొహం కనపడకుండా.